విరుగుతున్నవాటికి కిటికీ లేదు

వంతెన విరగడం మొదలుపెట్టింది ఉగాది మర్నాడు. ఆ ముక్క పుల్లేటిలంకలో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. అదే ముక్క డివిజన్ కచేరీ వారికి ఇంగ్లీషులో, తగిన భూతకాలంలో చెప్పడానికి మాత్రం వరహాలమ్మకి రెండున్నర నెలలు పట్టింది. అప్పటికీ పూర్తిగా చెప్పిందని కచేరీ వారు ఒప్పుకోలేదు.

వరహాలమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. బడి కాలవకి అవతలి ఒడ్డున, వంటపాక ఇవతలి ఒడ్డున. ఎందుకలా అంటే, బడి మంజూరైన ఏడాది ఖాళీ జాగా అటు దొరికింది, వంటపాక మంజూరైన ఏడాది ఇటు దొరికింది. రెండూ ఒకే పక్కన ఉండాలని ఏ కాగితంలోనూ రాసి లేదు. నడుమ రెండు ఇనప దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన పందొమ్మిది చెక్కలు. అదే వంతెన. వేళకి వరహాలమ్మ నెత్తిన అన్నం డేగిసాతో ముందు, ఆమె తోటి వంటమనిషి మరిడమ్మ సాంబారు బకెట్టుతో వెనక. నలభై ఇద్దరు పిల్లలు అవతల గేటు పట్టుకుని, కళ్ళతోనే ఆ డేగిసాని దగ్గరికి లాక్కుంటూ ఉంటారు.

ఉగాది మర్నాడు ఏడో చెక్క, ఎనిమిదో చెక్క ఊడి కాలవలో పడ్డాయి. వాటితో పాటు మరిడమ్మ కాలు మోకాలి దాకా కిందికి దిగింది. సాంబారు ఆ కాలి మీదే ఒలికింది. ఆమెని పైకి లాగుతూ వరహాలమ్మ కన్నంలోంచి కిందికి చూసింది. ఇనప దూలం నడిమికి తుప్పు తినేసి, నమిలి వదిలేసిన చెరుకు ముక్కలా ఉంది.

"ఒదినా, నా కాలు సంగతొదిలెయ్. రేపు పిల్లలు దీని మీద పరిగెడితే ఏం గాను?" అంది మరిడమ్మ ఏడుస్తూనే.

ఈ కాలవల సీమలో వంతెన బాగుచెయ్యడానికి ఏడాదికి ఒకటే అదను. ఏప్రిల్ నడిమిలో కాలవలు కట్టేస్తారు. నీళ్ళు దిగి, అడుగున బురద బయటపడుతుంది. జూన్ మొదట్లో మళ్ళీ లాకులెత్తుతారు. ఆ మధ్యలో అయిన పనే పని, కాని పని మళ్ళీ ఏడాదికి. బడి తెరిచేది జూన్ పన్నెండున. వేళ్ళ మీద లెక్క చూసుకుని, కాలవ కట్టిన మర్నాడే వరహాలమ్మ బస్సెక్కింది.

అప్పటికి వారం కిందటే డివిజన్ అధికారి విద్యాపతి గారు శుద్ధ భూతకాల ఉద్యమం ప్రారంభించి ఉన్నారు. ఉద్యమానికి మూలం ఒక గేదె. ఎవరో రైతు పెట్టుకున్న అర్జీలో, చచ్చిపోయిన గేదె ఇంకా చచ్చిపోతూనే ఉన్నట్టు ఇంగ్లీషులో పడింది. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు అది చదివి, టీ తాగుతూ నవ్వారు. ఆయన గేదెని చూసి నవ్వారో, టీ కుదిరిందని నవ్వారో ఎవరూ అడగలేదు. విద్యాపతి గారికి మాత్రం ఆ నవ్వు ముల్లులా దిగింది. మూడో రోజుకల్లా ఉత్తర్వు వెలువడింది.

"గడచిన సంఘటనలను ప్రజలు తమకు తోచిన కాలమున వ్యక్తపరచుట వలన పరిపాలనకు తీరని విఘాతము కలుగుచున్నది. ఇకమీదట జరిగిన సంగతులకు సంబంధించిన ప్రతి అర్జీయు ఆంగ్లమున, తగిన భూతకాలమున ఉండవలెను. తెలుగున రాసిన భాగము చదవబడదు."

కచేరీ వరండాలో కొత్తగా మూడు కిటికీలు వెలిశాయి. మూడింటికీ టేకు బల్లలు, రెండంగుళాల మందం, మీద తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. ఒకటి సింపుల్ పాస్ట్, రెండు ప్రెజెంట్ పర్ఫెక్ట్, మూడు పాస్ట్ పర్ఫెక్ట్.

గేటు పక్కన గొడుగు కింద కూర్చుని అర్జీలు రాసే ముత్యాలు వరహాలమ్మకి విడమరిచి చెప్పాడు.

"చూడు పిన్నీ. అయ్యి అయిపోయిన సంగతైతే ఒకటో కిటికీ. తేదీ ఉండి తీరాలి. జరిగింది గాని, దాని తాలూకు బాధ ఇప్పటికీ ఉందనుకో, రెండో కిటికీ. తేదీ ఉండకూడదు. రెండు సంగతులు జరిగినియ్యనుకో, ముందు జరిగినదానికి మూడో కిటికీ."

"నాకు వంతెన బాగుచేసే కిటికీ చెప్పు నాయనా."

"అది లేదు పిన్నీ," అన్నాడు ముత్యాలు కలం మూత తీస్తూ.

ఒకటో కిటికీలో గుమాస్తా సోమలింగం కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు పడ్డాయి చెక్కలు?"

"ఉగాది మర్నాడండి."

"తేదీ ఉన్నది. సంతోషం. ఇప్పుడా కన్నం ఉన్నదా, పోయినదా?"

"ఉందండి మరి. కన్నం ఎక్కడికెళ్తదండి?"

సోమలింగం అర్జీ వెనక్కి తోసేశాడు. "ఫలితము మిగిలి ఉన్నది. కనుక ఇది అయిపోయిన సంగతి కాదు. రెండో కిటికీ."

రెండో కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మూడు కిటికీలు మంజూరయ్యాయి గాని, మనిషి ఒక్కడే మంజూరయ్యాడు. పన్నెండు కొట్టగానే సోమలింగం ఒకటో కిటికీ మూసి, చేతులు కడుక్కుని, రెండో కిటికీలోకి వచ్చి కూర్చుని, "ఏమిటమ్మా మీ సమస్య?" అన్నాడు.

"ఇప్పుడే కదండీ చెప్పాను!"

"ఎవరికి చెప్పారు?"

"తమకేనండి."

"అది ఒకటో కిటికీ. అక్కడి విషయములు ఇక్కడికి తెలియవు." అర్జీ చదివాడు. "ఇందులో తేదీ ఉన్నదే! ప్రెజెంట్ పర్ఫెక్టునకు తేదీ నిషిద్ధము."

"కొట్టెయ్యండి బాబూ."

కొట్టేశాడు. కొట్టేసి, తేదీ లేని అర్జీ నమోదు పుస్తకంలోకి ఎక్కదని చెప్పాడు. మూడింటికి మూడో కిటికీలో కనిపించమన్నాడు.

వరండా మెట్ల మీద వరహాలమ్మ వెంట తెచ్చుకున్న చద్దన్నం విప్పుకుంది. పక్కన ఒక ముసలాయన గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయన ఇంటి ముందు కరెంటు స్తంభం ఒరిగిపోయిందట. తాడు కట్టి కొబ్బరిచెట్టుకి బిగించి ఉంచాడట.

"తాడు కోసేద్దామనుకుంటన్నానమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పడిపోయిందంటే ఒకటో కిటికీకి అర్హత వత్తాదంట."

మూడింటికి సోమలింగం మూడో కిటికీ తెరిచాడు. "రెండు చెక్కలు. మంచిదే. ఏది ముందు పడినది?"

"ఏడోదనుకుంటానండి."

"అనుకొనుట చెల్లదు. సాక్ష్యమేమి?"

"మరిడమ్మ కాలండి."

"ఆ కాలు ఏడవ చెక్కతో దిగినదా, ఎనిమిదవ చెక్కతోనా?"

వరహాలమ్మకి ఓపిక అయిపోయింది. "అయ్యా, చెక్కల సంగతొదిలెయ్యండి. చెక్కలు మా ఊళ్ళో వాళ్ళం ఏసుకుంటాం. అసలు కింద దూలం పోతంది. అది చూడండి."

"దూలము విరిగినదా?"

"ఇరగలేదండి. ఇరుగుతా ఉంది."

సోమలింగం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొద్దుట్నించి మొదటిసారి అతని మొహంలో మనిషి కనిపించాడు.

"అమ్మా, విరుగుతున్నవాటికి కిటికీ లేదు. నాలుగో కిటికీకి ప్రతిపాదన పంపించాం, రాలేదు. నా మాట విని విరిగాక రండి. ఒకటో కిటికీలో అయిదు నిమిషాల పని. నేనే ఉంటాను."

ఆ తరవాత ఆమె ఆరుసార్లు వెళ్ళింది. ఏడో చెక్కకొక అర్జీ, ఎనిమిదో చెక్కకొక అర్జీ రాయించింది. మరిడమ్మని ఆటోలో తీసుకెళ్ళి కాలు చూపించింది. కాలు మానిపోతోంది కాబట్టి అది ఏ కిటికీకి చెందుతుందో సోమలింగం చెప్పలేకపోయాడు. మే నెల వచ్చేసింది. కాలవ అడుగు ఎండి బీటలు తీసింది. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని దిగితే దూలం మార్చేయొచ్చు. రోజూ సాయంత్రం వరహాలమ్మ ఒడ్డున నిలబడి ఆ పొడి కాలవని చూసుకునేది.

ఆఖరికి ఒక సోమవారం అర్జీల దినాన విద్యాపతి గారి ఎదట పడింది. ఆయన ఆమె కాగితాలు తిరగేస్తుంటే మొహం పువ్వులా విచ్చుకుంది.

"అద్భుతము!" అన్నారు. "ఒకే వంతెన. అందు కొంత పడినది, కొంత పడి ఉన్నది, కొంత అంతకు పూర్వమే పడి ఉండినది. సోమలింగం, ఇటువంటి క్లిష్టమైన వంతెన మన డివిజనులో ఉన్నట్లు నాకు ఎందుకు తెలియజేయలేదు?"

"బాబుగోరూ, బాగుచేయిత్తారా అండి?" అంది వరహాలమ్మ ఆశగా.

"ముందు తేల్చవలెను. అటుపిమ్మట బాగుచేయుట."

అక్కడికక్కడే కాల నిర్ధారణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు విద్యాపతి గారు. కార్యదర్శి సోమలింగం. కాలేజీ నుంచి ఇద్దరు ఇంగ్లీషు లెక్చరర్లు. వంతెనలు చూసే ఇంజనీరు భాస్కరాన్ని కూడా వేశారు గాని, ఆయనకి వ్యాకరణంతో సంబంధం లేదు కనుక వ్యాకరణేతర సభ్యుడన్నారు. వ్యాకరణేతర సభ్యుడు హాజరు కావచ్చు, మాట్లాడరాదు.

సంఘం మే నెలలో నాలుగుసార్లు కూర్చుంది. ఊడిన రెండు చెక్కల మధ్య గడిచిన కాలం క్షణమా, అరక్షణమా అన్నదాని మీద లెక్చరర్లిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మూడో సమావేశంలో భాస్కరం చెయ్యెత్తాడు.

"సార్, ఆ దూలం..."

"భాస్కరంగారూ, దూలము మన విచారణాంశములలో లేదు."

చెయ్యి దిగింది. గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ ఉండబట్టలేక, "జూను ఒకటిన లాకులెత్తేత్తారంటండి. నీళ్ళొచ్చేత్తే ఇంకేం చెయ్యలేం," అంది.

విద్యాపతి గారు చిరునవ్వుతో తల పంకించారు. "నీరు వచ్చుట భవిష్యత్తునకు సంబంధించిన విషయమమ్మా. మన సంఘము పరిధి భూతకాలము."

జూన్ ఒకటిన లాకులెత్తారు. ఎర్రనీళ్ళు ముందు పాములా సన్నగా బీటల్లోకి పాకి, తరవాత కొబ్బరి డొక్కలూ నురగా నెట్టుకుంటూ వచ్చేశాయి. సాయంత్రానికి బురద మునిగింది. మర్నాటికి నడుంలోతు. వరహాలమ్మ ఒడ్డున కూర్చుని చూసింది. భాస్కరానికి ఫోను చేస్తే, "నీళ్ళలో పని అవదమ్మా. వచ్చే ఏడు కాలవ కట్టినప్పుడు చూద్దాం," అన్నాడు. పాపం, ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కూడా తడి ఉంది.

పన్నెండో తారీకున బడి తెరిచారు. పిల్లల్లో ముప్ఫైమంది ఇవతలి ఒడ్డు వాళ్ళే. వరహాలమ్మ పొద్దున్నే వంతెన మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని, తడవకి ఒకర్ని చొప్పున అవతలికి దాటించింది. పరిగెత్తబోయిన వాళ్ళకి వీపు మీద ఒకటి ఇచ్చింది. పదకొండుకి వంట దించి డేగిసా నెత్తికెత్తుకోబోతుంటే జీపు వచ్చి ఆగింది. స్థల పరిశీలన.

సంఘం వారు చెక్కలు పడిన కన్నంలోకి తొంగిచూశారు. కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. పడిన చెక్కలు నెలల కిందటే ఎవరింట్లోనో పొయ్యిలోకి వెళ్ళిపోయాయి. సోమలింగం ఏదో రాసుకున్నాడు. ఇక మిగిలింది ఫొటో. స్థల పరిశీలన జరిగిందనడానికి సభ్యులందరూ ఆ స్థలంలోనే, ఒకే ఫొటోలో, బ్యానరుతో సహా ఉండాలి. ఫొటో తీస్తే దాని మీద చోటూ వేళా అచ్చై, ఫోన్లోంచి నేరుగా పై కచేరీకి వెళ్ళిపోతుంది. అది లేకపోతే వెళ్ళినట్టే కాదు.

నలుగురూ వంతెన నడిమికి నడిచారు. 'శుద్ధ భూతకాల ఉద్యమం' బ్యానరు విప్పారు. భాస్కరం ఒడ్డునే ఉండిపోయాడు.

"వ్యాకరణేతర సభ్యుడు కూడా ఫొటోలో ఉండవలెను!" అన్నారు విద్యాపతి గారు.

"సార్, నేనిక్కడ..."

"రండి, రండి."

వరహాలమ్మ డేగిసా దించేసి పరిగెత్తుకొచ్చింది. "బాబూ! అంతమందీ ఒక్కచోట నిలబడకండి! పిల్లల్ని కూడా ఒక్కొక్కర్నే దాటిత్తన్నానండి. ఇరిగిపోద్ది!"

"అమ్మా, సంఘము తేల్చక మునుపే ఫలితము ప్రకటించరాదు," అన్నారాయన, బ్యానరు ముడత సరిచేసుకుంటూ.

భాస్కరం ఆమె వైపు ఒకసారి చూసి, ఉరికంబం ఎక్కేవాడిలా వెళ్ళి అయిదో మనిషిగా నిలబడ్డాడు. జీపు డ్రైవరు ఒడ్డు మీంచి ఫోను ఎత్తాడు. "సార్, ఇంకొంచెం దగ్గరికి జరగండి. కొసనున్నాయన పడటం లేదు."

జరిగారు. ఫొటో పడింది. ఆ వెనకే వాళ్ళూ పడ్డారు.

దూలం పెద్ద చప్పుడు కూడా చెయ్యలేదు. రెండున్నర నెలలుగా చెబుతున్నది ఇప్పటికి విన్నారా అన్నట్టు ఒక్క మూలుగు మూలిగి ఒంగిపోయింది. అయిదుగురూ ఎర్రనీళ్ళలో మునిగి, నడుంలోతున లేచి నిలబడ్డారు.

"విరిగింది సార్!" అన్నాడు భాస్కరం. సంఘం ఎదట ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే.

"సింపుల్ పాస్టు సార్!" అన్నాడు సోమలింగం అలవాటు కొద్దీ.

"తాడు!" అని కేక పెట్టారు విద్యాపతి గారు. "ఎవరైనా తాడు వేయుచు... వేయండమ్మా, తాడు!"

తాడు లేదు. బ్యానరు ఒక కొస వాళ్ళ చేతుల్లోనే ఉంది. నీళ్ళలో తేలుతున్న రెండో కొస వరహాలమ్మా, మరిడమ్మా, డ్రైవరూ పట్టుకుని లాగారు. ఉద్యమం మొదటిసారి ఒక పనికి అక్కరకొచ్చింది.

అన్నం డేగిసా దోనెలో పెట్టించి పిల్లలకి పంపించాక, వరహాలమ్మ సంఘం వారికి వంటపాకలో తువ్వాళ్ళిచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఆకులు వేసి మిగిలిన సాంబారన్నం పెట్టింది. విద్యాపతి గారు రెండోసారి సాంబారు వడ్డించుకుంటుండగా డ్రైవరు ఫోను మోగింది. పై కచేరీ. ఫొటో చేరింది. వంతెన కూలిన కబురూ చేరింది. నిక్షేపంలా ఉన్న వంతెన మీద అయిదుగురు అధికారులు ఎందుకు ఎక్కారో, ఎక్కి ఎందుకు కూల్చారో సంజాయిషీ ఇమ్మంటున్నారు.

విద్యాపతి గారి మొహం సున్నం కొట్టినట్టయింది. అప్పుడు ఆయనలో వ్యాకరణం మేలుకుంది.

"సోమలింగం, రాయుము. సంఘము విచ్చేయుటకు మునుపే వంతెన కూలి ఉండెను. పాస్ట్ పర్ఫెక్ట్."

"మరి ఫొటోలో మనం దాని మీద నిలబడి ఉన్నాం కదా సార్?"

"మునుపే కూలి ఉండిన వంతెన మీద నిలబడి ఉంటిమి. తప్పేమున్నది?"

తడిసిన కాగితం పొయ్యి దగ్గర ఆరబెట్టి రాశారు. అయితే సంఘం తన గురించి తానే చెప్పుకుంటే చెల్లదు. అర్జీదారు సంతకం కావాలి. అందరూ వరహాలమ్మ వైపు తిరిగారు.

"ఏం రాసారండి అందులో?"

భాస్కరం తెలుగులో చెప్పాడు.

"అబద్ధం కదండీ?"

"అబద్ధము కాదమ్మా," అన్నారు విద్యాపతి గారు, ఆమెతో మొదటిసారి బతిమాలుతున్న గొంతుతో. "కాలము. కొంచెము వెనుకకు జరిపితిమి, అంతే."

వరహాలమ్మ గరిటె పక్కన పెట్టి, చెంగుకి చేతులు తుడుచుకుంది.

"బాబుగోరూ, తమరికి ఎప్పుడో కూలిపోయిన వంతెన కావాలి. నాకు ఇప్పుడు నిలబడే వంతెన కావాలి. తమరిది నా చేతిలో ఉంది, నాది తమరి చేతిలో ఉంది. ముందు నాది కానివ్వండి."

"నీళ్ళలో పని కాదని ఇంజనీరు గారే..."

"అవుతుంది సార్," అన్నాడు భాస్కరం తువ్వాలు బిగించుకుంటూ. ఇప్పుడాయన్ని ఎవరూ ఆపలేదు. "తమరి సంతకం లేక కాదన్నాను గాని, గొడౌన్లో రెండు కొత్త దూలాలున్నాయి. దోనెల మీంచి ఎక్కించేయొచ్చు. చెక్కలకే అనుమతి లేదు. అయితే కచేరీలో మూడు కిటికీలకీ రెండంగుళాల టేకు ఉంది సార్."

నాలుగో రోజుకి వంతెన లేచింది. పాత చెక్కల్లో గట్టివి ఉంచి, నడిమి భాగమంతా టేకు వేశారు. తెల్ల అక్షరాలు చెరపడానికి తీరిక లేక అలాగే పైకి పెట్టి మేకులు కొట్టారు. వరహాలమ్మ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మూడుసార్లు బరువుగా నడిచి, గెంతి చూసి, అప్పుడు కాగితం అడిగింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఇంగ్లీషు వాక్యాల కింద సంతకం చేసి, దాని కింద కుదురైన తెలుగులో ఇంకో ముక్క రాసింది: 'జూన్ పన్నెండున ఈ అయిదుగురూ ఎక్కితే విరిగింది. వద్దని ముందే చెప్పాను.'

సోమలింగం ఆ ముక్క చూశాడు. విద్యాపతి గారూ చూశారు. తెలుగున రాసిన భాగము చదవబడదని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది కనుక ఇద్దరూ చదవలేదు. కాగితం పైకి వెళ్ళింది.

పై కచేరీలో ఆ ఉత్తర్వు అమల్లో లేదు. వాళ్ళు పై ముక్కా చదివారు, కింది ముక్కా చదివారు. ఒకటి కూలి ఉండెను అంటోంది, ఒకటి విరిగింది అంటోంది. ఇది తేల్చవలసిందే అనుకున్నారు. జూలై మొదటి వారంలో రెండు జీపుల్లో ఏడుగురు దిగారు. కొత్త బ్యానరు, కొత్త ఫోను.

వాళ్ళు వంతెన వైపు అడుగు వెయ్యబోతే వరహాలమ్మ నెత్తిన డేగిసాతో ఎదురొచ్చింది.

"తప్పుకోండి బాబూ, పిల్లలు ఆకలి మీదున్నారు. ఫొటో ఒడ్డు మీద దిగండి. ఎలుతురు బాగుంటాది."

ఆ ఏడుగురిలో పెద్దాయన బిత్తరపోయి పక్కకి జరిగారు. జరిగి, కాగితాలు విప్పి, ఈ వంతెన కూలినట్టా, కూలి ఉండినట్టా అని మిగతా ఆరుగురితో చర్చ మొదలుపెట్టారు. ఆవిడ దాని మీదుగా నడిచి వెళ్ళిపోయింది. వెనకాల మరిడమ్మ, చేతిలో సాంబారు బకెట్టు. టేకు బల్లల మీద తెల్ల అక్షరాలు అప్పటికే ముప్ఫై జతల చిన్న కాళ్ళ కింద పడి సగం చెరిగిపోయాయి.